చీకట్లో తేలిన పదకొండు గంటలు

రాయమల్లు మందమర్రి బొగ్గుబాయి దగ్గర ముప్పై ఒక్కేళ్ళు పనిచేశాడు. బాయిలోకి దిగింది మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అతనిది ల్యాంప్ రూం. కార్మికులు టోపీకి తగిలించుకునే దీపాలను ఛార్జింగులో పెట్టడం, షిఫ్టుకు ముందు ఎవరి నంబరు దీపం వాళ్ళకివ్వడం, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం. దీపం మధ్యలో ఆరితే లోపలి మనిషి అడుగు తీసి అడుగు వేయలేడు. అందుకే కంపెనీ కాగితాల్లోని గంటలను అతను నమ్మేవాడు కాదు. అనుమానమొచ్చిన దీపాన్ని చీకటి మూలలో వెలిగించి, ఆరేదాకా గడియారం చూస్తూ కూర్చునేవాడు.

"నేనిచ్చిన దీపం లోపట ఆరిపోయిందని ఒక్కడు అన్లే," అని మొదటి పరిచయంలోనే నాతో అన్నాడు.

అప్పటికతను రిటైరై, క్వార్టరు ఖాళీచేసి, కూతురు జ్యోతిరాణితో జైనూర్‌లో ఒక అద్దె గదిలో ఉంటున్నాడు. ఎక్కడా నెల నిలవని నేను ఆ పక్క గదిలో దిగాను. మధ్య గోడ పలచన. వాళ్ళింటి మాటలు నాకు వినపడేవి, నా దగ్గు వాళ్ళకు వినపడేది.

జ్యోతిరాణికి ఒక ప్రైవేటు ఏజెన్సీలో కాంట్రాక్టు పని దొరికింది. గుట్టల మీది చేలకు పోయి, ల్యాప్‌టాప్‌లో పటం తెరిచి, హద్దులు గుర్తుపెట్టి, ఫొటో తీయాలి. చేలో నిలబడి చేస్తేనే ఆ పటం ఒప్పుకుంటుంది. ఇంట్లో కూర్చుని నింపడం కుదరదు. రోజుకు పది చేలు. వరుసగా మూడు రోజులు పది తప్పితే పేరు కొట్టేస్తారు. ఆ పది ఎక్కడినుంచి వచ్చిందంటే, ఏజెన్సీ ఇచ్చిన కొత్త ల్యాప్‌టాప్ డబ్బా మీద 'బ్యాటరీ పదిహేను గంటలు' అని వేసిన అచ్చునుంచి.

"డబ్బా మీద రాసుడు ఎవనికైనా అల్కనే బిడ్డా. నేను చూస్త," అన్నాడు రాయమల్లు.

ఆదివారం పొద్దున కిటికీలు మూసి, సందులకు గుడ్డలు కుక్కి, తెర వెలుగు పూర్తిగా తగ్గించి, తెర మీద ఒక ఖాళీ పేజీ తెరిచిపెట్టి దాని ఎదుట కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడే తిన్నాడు. తేలింది పదకొండు గంటలు.

"పదిహేను అబద్ధం. పదకొండు పక్కా. ఇగ ఫికర్ చేయకు."

తండ్రి మాట మీద భరోసాతో జ్యోతిరాణి సోమవారం అన్నిటికన్నా దూరపు గుట్ట ఎంచుకుంది. ఛార్జరు గదిలోనే వదిలింది. ఉన్నా తగిలించడానికి అక్కడ చెట్లు తప్ప ఏమీ లేవు.

ఎక్కడో చదివాను: పాతకాలంలో రేవులో సరిగ్గా నడిచిన లోలకం గడియారాలు ఓడెక్కగానే తప్పు చూపేవట. ధర్మపురిలో ఒక పడవాయన్ని గోదావరి లోతెంత అని అడిగితే, "ఏ నెల?" అని ఎదురడిగాడు. రాయమల్లు ఆ ప్రశ్న వేసుకోలేదు. బాయిలో ఏ నెలైనా చీకటే. తెరను చూడనివ్వని ఎండ ఒకటుంటుందని ఆ ల్యాంప్ రూం మనిషికి తట్టలేదు.

మార్చి ఎండ. పత్తి ఏరేసిన చేలు. తగ్గించిన వెలుగులో పటం నల్లటి పలకలా కనిపించింది. జ్యోతిరాణి వెలుగు పూర్తిగా పెంచింది. సిగ్నలు కోసం మిషను ఆగకుండా వెతుకుతూనే ఉంది. నాలుగు గంటలు నిండకముందే, ఆరో చేలో, ఆరిపోయింది. కిందికి దిగే ఒకే ఒక్క జీపు సాయంత్రానికి గానీ రాదు. చచ్చిన మిషన్ను ఒళ్ళో పెట్టుకొని మోదుగు చెట్టు కింద ఐదు గంటలు కూర్చుంది.

ఆ సాయంత్రం సూపర్‌వైజర్ తిమోతి గొంతు ఫోను స్పీకర్లోంచి గోడ దాటి వినిపించింది.

"పదిహేను గంటల బ్యాటరీ మేడం. సిన్మాలు చూసిన్రా ఏంది?"

"గుట్ట మీద సిన్మా ఎట్ల చూస్త సార్? ఎండల తెర కనపడలే."

"అందరికీ అదే ఎండ మేడం. ఇంక రెండు దినాలు."

ఫోను పెట్టాక ఆమె మిషన్ను ఛార్జింగులో పెట్టింది. ఆపైన తండ్రితో, "పదకొండన్నవు గదా బాపూ," అంది. అరిచి ఉంటే అతనికి బాగుండేది.

మంగళవారం అతనూ గుట్టెక్కాడు. ఈసారి గడియారం ఎండలో పట్టుకున్నాడు. నడిచేటప్పుడు మూత మూయించాడు. పంపేటప్పుడు తప్ప ఇంటర్నెట్ ఆపించాడు. బ్యాటరీ ఐదు గంటలొచ్చింది, ఎనిమిది చేలయ్యాయి.

"తిండంత గా వెలుగే తింటున్నది," అన్నాడు తనలో తను.

బుధవారం చివరి అవకాశం. పొద్దున్నే తన పరుపు మీది నల్ల గొంగడి భుజాన వేసుకున్నాడు. చేలో జ్యోతిరాణిని కూర్చోబెట్టి, ఆమె మీదా మిషను మీదా గొంగడి కప్పి, పత్తికట్టెతో నడుమ ఎత్తి పట్టుకున్నాడు. నట్టెండలో ఒక మనిషికి సరిపడా చీకటి తయారైంది. తెర వెలుగు సగానికన్నా తగ్గించినా గీత గీత కనిపించింది.

చేను గల ముసలాయన ముక్కున వేలేసుకున్నాడు. "పొల్లకు జరమొచ్చిందా ఏందే?"

"జరం గాదు. డ్యూటీ."

లోపలినుంచి గొంతు వచ్చింది. "ఊపిరాడ్తలేదు బాపూ."

"జర ఓర్చుకో బిడ్డా. గీ మూల ఒక్కటి గుర్తుపెట్టు."

ప్రతి చేలో అరగంట పైన. బయటికొచ్చినప్పుడల్లా ఆమె జాకెట్టు చెమటకు వీపుకంటుకుపోయేది. ఉన్ని పోగులు బుగ్గలకు అతుక్కునేవి. గొంగడి పట్టిన చేయి దించితే వెలుగు లోపల పడుతుందని రాయమల్లు నీళ్ళు కూడా తాగలేదు. మిషను తెరిచిన ఆరు గంటల పది నిమిషాలకు పదో చేను అయింది. ఇంకా కొంచెం ఛార్జింగు మిగిలింది కూడా.

తిమోతి సంతోషించాడు. "చూసిన్రా మేడం? మనసు పెడితే అయితది!"

ఆ రోజు మిఠాయి నాకూ పంపారు. రాయమల్లు తన పాత పాకెట్ బుక్కులో 'ఎండలో, గొంగడి కింద, ఆరు పది' అని రాసుకున్నాడు. నాకు చూపించాడు. తేదీ వేసి సంతకం కూడా చేశాడు.

గురువారం పొద్దున ఏడింటికి తిమోతి దగ్గర్నుంచి ఆ రోజు చేల జాబితా వచ్చింది. పది అవుతున్నాయి కాబట్టి ఇక నుంచి పన్నెండు.

రాయమల్లు ఫోను అందుకోబోయాడు. "గా పిలగానికి నేను చెప్త. గీ మిషను ఆరు గంటలదేనని."

"వద్దు బాపూ. గంటలు గాదు, ఆయనకు చేలు గావాలె."

ఆమె జాబితాను పైనుంచి కిందికి ఒకసారి చదివింది. తీగ మీద ఇంకా చెమట తడి ఆరని గొంగడిని లాగి, ఉన్ని చివరలు పట్టుకొని దులిపింది.

"నీళ్ళ సీసా ఇంకోటి పెట్టుకో," అంది.