నాణెం చూడని బావగారు

బావగారికి నాణెమని చెప్పి చొక్కా గుండీ అమ్మారు. అమ్మింది దారినపోయే దగుల్బాజీ కాదు, స్వయానా ఆయన భార్య తమ్ముడు, నాణేల దుకాణదారు. ఆ రోజు నాణేల సంఘంలో పగలబడి నవ్వనివాడు లేడు. ఆ నవ్వుకు మూల్యం కట్టినవాడు మాత్రం ఆ గదిలోనే లేడు. అతని బతుకులో మిగిలిన ఒక్క పనీ దాంతో పోయింది.

గుండీ అంటగట్టడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేకపోయింది. బావగారు నాణేన్ని చూసేవారే కాదు, లేబులు చూసేవారు. నాణేలు పోగుచేసేవాళ్లు లోకంలో ఎంతమందైనా ఉండొచ్చు. నాణెం మీద బొటనవేలు అడ్డంపెట్టి, పైనున్న చీటీ చదువుకునేవాడు ఆయనొక్కడే.

కొత్త నాణేలకు ఈ మధ్య పట్టిన వైభోగం అలాంటిది. కంపెనీవాళ్లు నాణేన్ని పరీక్షించి, డెబ్బైకి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేస్తారు. పైన మామూలు లేబులుంటే ఒక ధర. ‘మొదటి రోజు విడుదల’ అని ఉంటే ఇంకో ధర. ఆ నాణేనికి అచ్చు చెక్కినాయన లేబులు మీద స్వహస్తంతో సంతకం చేస్తే ఒకటిన్నర రెట్లు. లోపల నాణెం అదే, మార్కులూ అవే. మనిషి ఒకడే, తలపాగాలు మూడు.

కొనేటప్పుడున్న లేబులు ధర మళ్లీ అమ్మేటప్పుడు ఉండదని దుకాణదారు మొత్తుకునేవాడు. ‘అయితే నాణెం నువ్వే ఉంచుకో, లేబులు ఇచ్చెయ్’ అనేవారు బావగారు.

ఆయన వృత్తి కట్టుడు పళ్లు చెయ్యడం. పనిగది అరల నిండా ప్లాస్టరు దవడలు ఇకిలిస్తూ ఉంటే, వాటి మధ్య కూర్చుని దగ్గుమందు సీసా లేబులు ఆసాంతం చదివేవారు. చదవడం పూర్తయ్యేసరికి దగ్గు తగ్గిపోయేది. చొక్కా కొనాలంటే కాలరు లోపలి చీటీ చూసి మురిసిపోయి కొనేవారు. తీరా తొడుక్కుంటే ఒక చెయ్యి పొట్టి. ‘నన్ను చేసుకునేటప్పుడు నా మొహం చూశారో లేదో గానీ, శుభలేఖ మాత్రం మూడుసార్లు చదివారు’ అనేది దుకాణదారు అక్క.

ఆ ఆదివారం దుకాణదారు, ఎవరో పగలగొట్టి నాణెం తీసుకుపోయిన పెట్టెలో గుండీ పెట్టి జిగురుతో అతికించి సంఘానికి తెచ్చాడు. పైన సంతకం లేబులు అలాగే ఉంది. బావగారు అందుకున్నారు. బొటనవేలు దాని చోటికి అది వెళ్లిపోయింది. చీటీని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు.

“ఈసారి చెయ్యి కాస్త వణికినట్టుందే,” అన్నారు దిగులుగా. డబ్బు తీసి బల్లమీద పెట్టారు.

“బావగారూ, ఒక్కసారి ఆ వేలు తీద్దురూ,” అన్నాడు దుకాణదారు.

తీశారు. గది దద్దరిల్లింది. ఆయన గుండీని ఎగాదిగా చూసి, ‘మార్కులు బాగానే వేశారు’ అని జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి అక్క పెట్టిన చీవాట్లకు దుకాణదారుకు బుద్ధొచ్చింది. అసలు చిక్కంతా ఆ బుద్ధి రావడంతోనే. అమాయకుడైన బావ మళ్లీ మోసపోకూడదని, సంతకం సరుకు ఇక పంపొద్దని కంపెనీ ఏజెంటుకు చెప్పేశాడు. బావగారు వచ్చి అడిగారు, కొత్తవి రాలేదా అని.

“వద్దన్నాను బావగారూ. మీ మంచికే.”

బావగారు మెట్లు దిగిపోయారు.

కొన్నాళ్లకు ఏజెంటు మాటల్లో మాటగా, లేబుళ్ల మీద సంతకాలు పెట్టే ఆ అచ్చుల పెద్దాయన్ని కంపెనీ పిలవడం మానేసిందన్నాడు. కొనేది మీ బావగారొక్కరే కదండీ అని నవ్వాడు. దుకాణదారు అక్క దగ్గరికి పరుగెత్తాడు.

“లేబుళ్ల పిచ్చి ముందునుంచీ ఉన్నదేరా. నాణేల పిచ్చి మాత్రం ఆ పెద్దాయన పళ్లు చేయించుకోవడానికి ఈయన దగ్గరికి వచ్చాకే. జన్మంతా అచ్చులు చెక్కాడట, ఒక్క నాణెం మీదా పేరు లేదట. ఆ సంతకాలు కొనేది ఈయనేనని ఆయనకు తెలియకూడదని నాచేత ఒట్టు వేయించుకున్నారు,” అంది అక్క. ఆ ఒట్టే ఇన్నాళ్లూ ఆమెను తమ్ముడి దగ్గర కూడా నోరు విప్పనివ్వలేదు.

దుకాణదారు కంపెనీని బతిమాలాడు. అయిపోయిన బేరం అన్నారు వాళ్లు. ఆ మాట మొయ్యలేక మోసుకుంటూ పనిగదికి వెళ్లాడు. ఇద్దరూ ఆఖరిసారి కలిసింది అప్పుడే. బావగారు అంత తొందరగా లోకం విడిచి వెళ్లిపోతారని ఎవరనుకున్నారు.

ఆయన ఒక దవడను ఆకురాయితో రుద్దుతున్నారు. అంతా విన్నారు.

“లేబులుతో నాణెం విలువ చిల్లిగవ్వ పెరగదోయ్. అది నాకూ తెలుసు.”

“మరి ఇప్పుడేం చేద్దాం? కంపెనీ వద్దంటోంది.”

“కంపెనీతో మనకేం పని? ఆ పెద్దాయన సంతకాలు పెట్టే రోజున తప్ప నేను చేసిన పళ్లు పెట్టుకోడు. ఇప్పుడు బోసినోటితో వీధులన్నీ తిరుగుతూ, ‘నా పళ్లు చేసింది ఫలానా ఆయనే’ అని అందరికీ చెబుతున్నాడు. నా పరువు పోతోంది. నీ కొట్లో ఏదో ఒకదాని మీద సంతకం పెట్టించరా బాబూ.”