నాయనమ్మ అడిగిన నీళ్ల వంతు

మా నాయనమ్మ ఏసమ్మకు ఈ లోకంలో రెండు రకాల మనుషులంటే పడేది కాదు. సలహాలిచ్చేవాళ్లు ఒక రకం, జాలిపడేవాళ్లు ఇంకో రకం. లక్డారంలో ఆ రెండు పనులూ కలిపి చేసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఆమెకు ఊరంతటితోనూ తగాదాయే.

తగాదాకు కారణం మా చిన్నాయన. జ్ఞానప్రకాశం అనే పేరు పెట్టింది చర్చి అయ్యగారు. పేరు పెట్టిన రోజున పిల్లవాడి సంగతి ఎవరికీ తెలియదు. నాలుగేళ్లు నిండినా నడవలేదు. ఏడేళ్లకు గాని అమ్మా అనలేదు. ఆ మాట తరువాత కూడా పెద్దగా ఏమీ అనలేదు. ఊళ్లోవాళ్లు పేరు విని నవ్వడం మొదలుపెట్టారు. ఏ రాజు అనో పిలుచుకుందామని మా తాత బర్నబా మెల్లగా అన్నాడట. నాయనమ్మ అప్పటిదాకా కొడుకును నానిగా అని ముద్దుగా పిలిచేది. ఆ రోజునుంచి వాకిట్లో నిలబడి పేరు మొత్తం, ఒక్క అక్షరం పోకుండా కేకేయసాగింది. నవ్వేవాళ్లకు వినపడాలని.

బడికి తీసుకుపోతే పంతులు మూడో రోజున వెనక్కి పంపించాడు. నాయనమ్మ బతిమాలలేదు. అట్నుంచి అటే పొలానికి తీసుకుపోయింది. అరవై నాలుగులో తాత జ్వరంతో పోయాడు. మిగిలింది రెండున్నర ఎకరాలు, ఒక మోటబావి, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు దేవదానం, అంటే మా నాయన, బడిలో ఉన్నాడు. ఆడమనిషి మోట కొట్టడమేంటని ఊరు నోరు తెరిచింది. ఊరు నోరు తెరిచినంత మాత్రాన పొలం తడవదని ఆమె ఎద్దులను కట్టింది.

మోట అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పెద్ద తోలు సంచికి తాడు కట్టి బావిలో వదులుతారు. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి దిగుతుంటే సంచి నీళ్లతో పైకి వస్తుంది. తోలేవాడు తాడు మీద కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. నీళ్లు కాలువలో పడ్డాక ఎద్దులు వెనక్కి నడుచుకుంటూ పైకి రావాలి. ఇక మళ్లీ మొదటినుంచి. పొద్దంతా అదే పని. తెలివైనవాడికి గంటలో విసుగొస్తుంది. నాయనమ్మ చిన్నాయనను తాడు మీద తన ముందు కూర్చోబెట్టుకుని మూడేళ్లు తిప్పింది. ఆ తరువాత ఆమె దిగిపోయింది, అతను దిగలేదు. నీళ్లు కాలువలో పడ్డ ప్రతిసారీ, అదే మొదటిసారి చూస్తున్నట్టు నవ్వేవాడట.

ఒకటే లోపం. ఆపడం రాదు.

ఒకసారి నాయనమ్మ సంగారెడ్డి అంగడికి పోయి ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి మా మడి నిండి, గట్టు తెగి, పక్క పొలం యాదన్న మిరపతోట మునిగింది. పిచ్చివాడి చేతికి పగ్గాలిచ్చి పోయావని యాదన్న జాలిగా మందలించాడు. కోపంగా అరిచినా బతికిపోయేవాడు.

"నీళ్లు ఎక్కువొచ్చినయని ఏడ్చే రైతును నిన్నే సూసిన యాదన్నా," అంది నాయనమ్మ.

మరునాడు తెల్లవారకముందే పోయి అతని మిరప మొక్కలన్నీ మళ్లీ నాటి వచ్చింది. అడిగితే ఒప్పుకోదు. నేనెన్నోసార్లు అడిగాను, రెండుసార్లు తన్నులు కూడా తిన్నాను.

మా నాయన పెద్దవాడై, పటాన్‌చెరు దగ్గర రోడ్డు మీద పడ్డ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పొద్దున ఆరుకు షిఫ్టు ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగేవాడు. ఇంతలో ఊరికి కరెంటు స్తంభాలొచ్చాయి. ఇక మా నాయనకు నిద్రలో కూడా మోటరే. మోటరు పెడితే మోట అక్కర లేదు, ఎద్దులను అమ్మేయొచ్చు. మరి తమ్ముడో? పట్నంలో ఇట్లాంటివాళ్లను ఉంచుకునే ఆశ్రమం ఒకటుందని అయ్యగారిని అడిగి కనుక్కుని పెట్టాడు.

"రెండు పూటలు తిండి పెడ్తరమ్మా. మంచం గూడ ఇస్తరు," అన్నాడు.

"తిండి నేను పెడ్తలేనా?"

"నువ్వు పోయినంక?"

"నేను పోయినంక నువ్వు పెడ్తవనుకున్న. పెట్టవని ఇప్పుడే చెప్పి మంచి పని జేసినవు."

మూడు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగింది గాని మాట వెలగలేదు. నాలుగో రోజున నాయనమ్మ తన లెక్క చెప్పింది. అన్నదమ్ములకు ఒకే బావి ఉంటే సగం పొద్దు ఒకరిది, సగం పొద్దు ఇంకొకరిది. ఊరందరికీ ఉన్న పద్ధతే. మధ్యాహ్నం రెండింటి దాకా చిన్నవాడి వంతు, మోట నడుస్తుంది. ఆ తరువాత పెద్దవాడి వంతు, మోటరే పెట్టుకుంటాడో ఇంజనే పెట్టుకుంటాడో అతని ఇష్టం. పని చేసేవాడు ఇల్లు విడిచి ఆశ్రమానికి పోడు.

మా నాయన నవ్వాడు. వాడికి ఆపడం రాదు గదా, ఇక నా వంతు వచ్చేదెప్పుడు అన్నాడు. ఆ పూట నాయనమ్మ తమలపాకును సున్నం రాయకుండానే నమిలిందని మా అమ్మ చెబుతుంది. అప్పుడు నేను మా అమ్మ కడుపులో ఉన్నాను కాబట్టి సగం సాక్ష్యం నాది కూడా.

చివరికి ఒప్పందం కుదిరింది. పెద్దమనుషుల ముందు చిన్నాయన తన వంతు కాగానే తనంతట తానే మోట ఆపితే సగం పొద్దు అతనిదే. ఆపకపోతే ఎద్దులు అంగడికి, అతను పట్నానికి.

నాయనమ్మ ఫ్యాక్టరీ సైరన్‌ను పట్టుకుంది. రెండింటికి అది కూస్తే మా పొలం దాకా వినపడుతుంది. చిన్నాయనకు ఆ కూత అంటే భయం, చెవులు మూసుకుని కూలబడేవాడు. ఆమె రోజూ ఆ వేళకు పక్కన కూర్చుని వీపు నిమిరి, అతనిచేతనే ఎద్దులను విప్పించి, తాడు చుట్టించి, అరచేతిలో బెల్లం ముక్క పెట్టేది. వానాకాలం గడిచేసరికి సైరన్ కూయగానే అతనే లేచి ఎద్దులను విప్పి, చెయ్యి చాపేవాడు.

అయ్యగారికి మా ఊరు రావడానికి ఆదివారమే వీలు. ఆరాధన కాగానే చూద్దామన్నారు. ఆదివారం పని చేయించడమా అని నాయనమ్మ గొణిగితే, ఇది పని కాదమ్మా పరీక్ష అన్నారు. అయ్యగారు, యాదన్న, ఊరి పెద్ద సంగప్ప వచ్చి వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నారు. చిన్నాయన చర్చికి వేసుకున్న తెల్లచొక్కాతోనే మోట ఎక్కాడు.

సంగప్ప గడియారం తీసి చూశాడు. రెండు దాటింది. సైరన్ కూయలేదు. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. ఆదివారాలు ఎప్పుడూ మోట కట్టదు కాబట్టి నాయనమ్మకు ఆ సంగతి తట్టలేదు. అక్కడే పని చేసే మా నాయనకు ఎందుకు తట్టలేదో ఆయనే చెప్పాలి. మరిచిపోయానంటాడు. ఆ మాట నాకైతే చెప్పాడు గాని నాయనమ్మతో చెప్పే ధైర్యం ఎన్నడూ చేయలేదు.

చిన్నాయన దిగుతున్నాడు, ఎక్కుతున్నాడు, నవ్వుతున్నాడు. అయ్యగారు గొంతు సవరించుకుని దేవుని చిత్తం గురించి మొదలుపెట్టారు. యాదన్న జాలిగా తల ఊపాడు. ఆ తల ఊపడంతో నాయనమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, జెర ఆగుండ్రి. సంగప్పా, నీకు మీ అన్నకు ఒక్కటే బాయి గదా. నీ వంతు అయినంక నీయంతట నువ్వు ఎన్నడన్న మోట ఆపినవా?"

సంగప్ప గడియారం జేబులో పెట్టుకున్నాడు. పోయిన ఎండాకాలం వాళ్లన్న కొడవలి తెచ్చి తాడు కోసిన సంగతి అందరికీ తెలుసు. యాదన్న కిసుక్కున నవ్వాడు.

"నువ్వు నవ్వకు యాదన్నా. నీ వంతు అయిందని చెప్పనీకి మీ తమ్ముడు ముగ్గురిని ఎంటవెట్టుకొని వస్తడు. ఈ ఊర్ల ఎవ్వడు తనంతట తాను ఆపడు. అవతలోడొచ్చి అడిగితెనే ఆపుతడు. తెలివున్నోల్లకు లేని ఖాయిదా నా కొడుక్కెందుకు?" ఇక మా నాయన వైపు తిరిగింది. "వంతు నీది. పోయి అడుగు. అన్న అడగకుంటే తమ్మునికెట్ల తెలుస్తది?"

అందరూ మా నాయనను చూశారు. పక్కకు జరుగు, అటు పో అనడం తప్ప ఆయన తమ్ముడితో మాట్లాడి చాలా ఏళ్లయింది. ఏటవాలు బాటలో దిగి, తాడు పక్కన కాసేపు ఊరికే నడిచాడు. తరువాత భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, నా వంతయింది."

చిన్నాయన ఆ చేతిని చూశాడు. అన్న ముఖం చూశాడు. పైకొచ్చిన నీళ్లు కాలువలో పడేదాకా ఆగి, తాడు దిగాడు. ఎద్దులను విప్పాడు. తాడు చుట్టి అన్న చేతిలో పెట్టాడు. పెట్టి, అరచెయ్యి చాపాడు.

మా నాయన జేబులు వెతుక్కున్నాడు. బీడీలు తప్ప ఏమీ లేవు. నాయనమ్మ కొంగున బెల్లం ఉంది, కానీ ఇవ్వలేదు. అటు చూడకుండా నిలబడింది. తమ్ముడు చాపిన చెయ్యి దించడం లేదు. పెద్దమనుషులు చూస్తుండగా మా నాయన ఇంటికి పరుగెత్తి, బెల్లం గడ్డతో పరుగెత్తుకొచ్చాడు. సగం పొద్దు చిన్నోనిదే అని సంగప్ప తీర్పు చెప్పి, నీళ్లు కూడా తాగకుండా పోయాడు.

అట్లా మా బావికి ఒక పక్క మోటరు, ఒక పక్క మోట ఉండేవి. దారిన పోయేవాళ్లు నవ్వేవాళ్లు. నాయనమ్మ వాళ్లను ఆపి మరీ చూపించేది.

కానీ ఆ ఆదివారం తరువాత చిన్నాయన సైరన్‌ను లెక్కచేయడం మానేశాడు. అది కూస్తే పటాన్‌చెరు బాట వైపు ఒకసారి చూసి, మళ్లీ తాడెక్కేవాడు. మా నాయన నూనె మరకల బట్టలతో, ఆకలితో, సైకిలును గట్టుకు ఆనించి, ముందు బావి దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసి అడగాలి. జేబులో బెల్లం ఉండాలి. కల్లు దుకాణం దగ్గర ఆగితే వంతు తరిగిపోతుంది. మా అమ్మకు ఆ మోటంటే ఎందుకంత ఇష్టమో నాకు పెళ్లయ్యాక గాని అర్థం కాలేదు.

ఒకరోజు మా నాయనను రెండో షిఫ్టుకు కూడా ఆపేశారు. మడి నిండి, గట్టు తెగి, నీళ్లు మళ్లీ యాదన్న మిరపలోకి పారాయి. అతను అరుచుకుంటూ వచ్చేసరికి నాయనమ్మ గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కొడుకును ఆపమన్నాడు.

"వాని అన్న ఇంక రాలే," అంది నాయనమ్మ. "వంతు అడిగేటోడు రావాలె గదా."

అని తమలపాకుకు సున్నం రాసుకుంది.