ఏడు సంతకాల సంఘం

మా చెల్లెలు వినియోగదారుల సంఘం పెడతానన్నప్పుడు నాకు సగమే అర్థమైంది, మిగతా సగం ఇప్పటికీ కాలేదు. అర్థమైన సగం ఏమిటంటే, అది నా కోసమే పెడుతోంది.

నేను బట్టలు కుట్టేదాన్ని. ఆరు నెలల కిందట వంటింట్లో కుక్కర్ మూత ఎగిరి కుడిచెయ్యి కాలింది. రెండు వేళ్ళు వంగడం మానేశాయి, కత్తెర పట్టుకుంటే జారిపోతుంది. కంపెనీకి రాస్తే, వాడటం రాక జరిగిన ప్రమాదమని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా వండుతున్నదాన్ని, నాకు కుక్కర్ వాడటం రాదట. ఒళ్ళు మండిపోయింది. ఆ మాట వాళ్ళు వెనక్కి తీసుకోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

చెల్లెలు పన్నెండేళ్ళు ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తింది. నా చెయ్యి చూశాక ఆ ఉద్యోగం మానేసింది. ఒక్కళ్ళం అరిస్తే ఎవరూ వినరు, పదిమందీ కలిసి అడగాలంది. నా కుట్టు గది ముందు భాగంలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసింది. సంఘం రిజిస్టర్ కావాలంటే ఏడుగురి సంతకాలు కావాలట. ముందు బయటివాళ్ళవే పడాలని పట్టుబట్టింది. ఇంట్లోవాళ్ళతో మొదలుపెడితే జనం నవ్వుతారట.

జనం రాకేం, బాగానే వచ్చారు. పక్క వీధి లెక్కల మాస్టారు తిరగని ఫ్యాన్ చంకలో పెట్టుకుని నిప్పులు కక్కుతూ వచ్చారు. చెల్లెలు ఆయన్ని కూర్చోబెట్టి, "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ. మీ స్థానంలో ఎవరున్నా ఇలాగే బాధపడతారు" అంది. పావుగంటలో ఆయన మెత్తబడ్డారు. "పోనీలేమ్మా, ఎలాగూ చలికాలం వస్తోందిగా" అని ఫ్యాన్ మళ్ళీ చంకనెత్తుకున్నారు. సంతకం అడిగితే, ఇప్పుడెందుకులే అన్నారు. కొత్త పరుపులో నల్లులున్నాయని ఏడుస్తూ వచ్చిన నర్సు నవ్వుకుంటూ వెళ్ళింది. మూడు వారాల్లో పద్దెనిమిది మంది వచ్చారు. ఒక్క సంతకం పడలేదు.

"ఏం చెప్పి పంపిస్తున్నావే వాళ్ళకి?" అన్నాను.

"ఏమీ చెప్పట్లేదక్కా. మర్యాదగా మాట్లాడుతున్నాను, అంతే. ఎందుకు వెళ్ళిపోతున్నారో నాకూ బోధపడటం లేదు" అంది బుర్ర గోక్కుంటూ.

"మీ చెల్లెల్ని ఆ కుక్కర్ కంపెనీ వాళ్ళే పంపించారేమో కనుక్కో" అని మా ఆయన ఎగతాళి.

తాడోపేడో తేల్చుకుందామని మర్నాడు నేనే వెళ్ళి దాని ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. నన్ను కూడా బయటి మనిషిలాగే చూడమన్నాను. ఆ రోజు జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టాను.

"మీకు చాలా కష్టం కలిగిందండీ. ఇంత ఓపిగ్గా చెబుతున్నందుకు ధన్యవాదాలు" అంది.

సొంత అక్కని పట్టుకుని 'మీరు' అంటోంది. గొంతు కూడా దానిది కాదు. చిత్రమేమిటంటే, వింటుంటే నాకు హాయిగా ఉంది. "ఏమోలెండి, ఆవిరి పోకముందే నేనే మూత కదిపానేమో" అన్నాను.

అనేసి ఆగిపోయాను. ఆ రోజు మూత మీద నేను చెయ్యే వెయ్యలేదు. పక్కనున్న గరిటె అందుకోబోతుంటే ఎగిరింది. మరి ఆ మాట నా నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

చెల్లెలి మొహం పాలిపోయింది. "ఆఫీసుకి ఫోన్ చేసినవాళ్ళు కూడా ఇలాగే అనేవాళ్ళక్కా. చివరికొచ్చేసరికి తప్పు మాదేనేమో అనేవాళ్ళు. హమ్మయ్య, కోపం తగ్గించాననుకునేదాన్ని. పన్నెండేళ్ళు అలాగే అనుకున్నాను."

ఓదార్చాలో తిట్టాలో తెలియలేదు. "ఇంక నువ్వేం మాట్లాడకు. రాసుకో" అన్నాను.

మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. దాని పెదవులు కదులుతూనే ఉన్నాయి గానీ మాట మాత్రం బయటికి రానివ్వలేదు. అంతా రాశాక కలం పక్కన పెట్టింది.

"ఎంత నొప్పేసిందక్కా?"

కంపెనీ అడగలేదు, మా ఆయన అడగలేదు, ఇన్నాళ్ళూ మా చెల్లెలూ అడగలేదు. జవాబు చెబుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమూ వచ్చింది. ఎవరి మీదో నాకే సరిగ్గా తేలలేదు గానీ, పోయిందనుకున్నదంతా తిరిగొచ్చింది. సంఘం కాగితం లాక్కుని, ఎడమచేత్తో వంకరటింకరగా మొదటి సంతకం పెట్టాను.