అత్తమ్మ చెప్పిన నాలుగంకెలు

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, "ముందు కడుపునిండా తిండి పెట్టండి" అనేదాన్ని. ఇప్పుడూ అదే అంటాను. కానీ తొంభైల్లో మణుగూరులో మా ఇంట్లో జరిగినదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

మా ఆయనది బొగ్గుబాయిలో పని. దుబాయి నుంచి వచ్చిన స్నేహితుడొకడు ఆయనకు డిజిటల్ డైరీ ఇచ్చాడు. అరచేతిలో పట్టే మిషను. ఫోన్ నంబర్లు, తారీఖులు దాచుకోవచ్చు. నాలుగంకెలు కొడితేగానీ తెరుచుకోదు.

మా ఇంట్లో ఫోనే లేదాయె. మరి ఎవరి నంబర్లు దాస్తున్నట్టు? పైగా సెలవు రోజున ఖమ్మం పోయొస్తున్నాడు. అడిగితే "నీకెందుకే?" అని కసురుతున్నాడు. ఇంకేముంది, ఎవత్తో ఉందనుకున్నాను.

ఒక పగలు ఆయన డ్యూటీకి పోగానే మిషను ముందేసుకుని కూర్చున్నాను. బాయిలో ఆయన టోకెన్ నంబరు కొట్టాను. మా పెళ్లి సంవత్సరం కొట్టాను. బిడ్డ పుట్టిన తారీఖు కొట్టాను. కుయ్యిమనడమే తప్ప తెరుచుకోలేదు.

పక్క మంచంలో మా అత్తమ్మ. పక్షవాతమొచ్చి ఏడాది పైగా నోట మాట లేదు. చదువూ రాదు.

"ఏడు, సున్నా, నాలుగు, ఏడు" అంది. అంత స్పష్టంగా!

"అత్తమ్మా! మాట్లాడినవా?" అని మీద పడ్డాను. ఆమె నోరు మూసే ఉంది. కళ్లు రేకుల కప్పువైపు చూస్తున్నాయి. ఆ నాలుగంకెలూ కొట్టాను. తెరుచుకుంది.

ఏ ఆడదీ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటే వరుస: ఖమ్మం, ఛాతీ ఎక్స్‌రే, ఒక తారీఖు. ఆ తారీఖు దాటిపోయింది.

సాయంత్రం నిలదీస్తే ఏడ్చాడు. "దగ్గితే రక్తం పడుతున్నది. ఖమ్మంల డాక్టరు ఎక్స్‌రే తీయాలన్నడు, భయపడి పోలే. అన్‌ఫిట్ అంటే నౌకరి పోతదే."

"నువ్వే పోతే నౌకరి ఎవనికయ్యా?" అని నేనూ ఏడ్చాను.

తెల్లారి ఖమ్మం లాక్కుపోయాను. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. చాలాకాలం మందులు మింగి బతికాడు.

ఆ నంబరు ఆయన కళ్లు మూసుకుని ఏవో అంకెలు నొక్కి పెట్టుకున్నదట. ఎవరికీ చెప్పలేదట. "అమ్మ మాట్లాడుడేంది? నువ్వే నా ఎనక నిలబడి చూసినవ్" అని ఇప్పటికీ నా మీదే అనుమానం.

అత్తమ్మను ఎన్నిసార్లు అడిగానో. ఆమెకు ఎట్లా తెలిసిందో ఇవాళ్టికీ నాకు అంతు చిక్కలేదు.

ఆమె పోయేముందు మాత్రం మా ఆయన తన చెవిని ఆమె నోటి దగ్గర పెట్టాడు. "నాతోటి గూడ ఒక్క మాట మాట్లాడమ్మా" అన్నాడు.