కారు టాపు మీద మిగిలిన మరక

దెయ్యాల మాటెత్తితే నవ్వి ఏడిపించే మనిషిని నేను. నర్సీపట్నం చుట్టుపక్కల ముప్పయ్యేళ్ళు లైన్‌మన్‌గా చేశాను. శ్మశానం పక్క స్తంభాలు కూడా ఒక్కణ్ణే ఎక్కి దిగాను. ఎప్పుడూ ఏదీ కనపడలేదు. అందుకే ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది.

మాది మెరూన్ రంగు పాత కారు. మా వీధి బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. కడిగి వదిలేస్తే ఆరేసరికి కారంతా తెల్ల మచ్చలు. దానికి ఉపాయం కనిపెట్టింది మా ఆవిడ సత్యవతి. ఎండ రాకముందే కడగాలి. షాంపూ నురగ ఆరకముందే పైనుంచి కిందకి నేను నీళ్ళు పోస్తూ పోవాలి, వెనకాలే తను పాత నూలు చీర ముక్కతో తుడుచుకుంటూ వచ్చేది. "బేగి కానీండి, ఎండెక్కితే మరకలు కట్టేస్తాది" అని నన్ను తరిమేది.

మనిషి పొట్టి. రెండు పక్కల నుంచీ ఎంత సాగినా టాపు మధ్యకి చెయ్యి అందేది కాదు. అక్కడ చపాతీ పీటంత మేర తడి మిగిలిపోయి మచ్చలు కట్టేది. "అదొక్కటీ మీరు తుడిసీండి, నాకందదు" అనేది. నేను పొడుగరిని. చెయ్యి చాపితే అయిపోయే పని. "అది నీ సంతకంలే, ఉండనీ" అని ఏడిపించి లోపలికి పోయేవాణ్ణి. అన్నేళ్ళు అడిగింది. ఒక్కసారీ తుడవలేదు.

పోయిన వేసవిలో గుండెపోటుతో సత్యవతి పోయింది.

తర్వాత మూడు నెలలు కారు ముట్టుకోలేదు. దాన్ని చూస్తే దుఃఖం ఆగేది కాదు. అమ్మేద్దామని నాతవరంలో ఒకాయనతో మాట్లాడాను. ఆయన వస్తానన్న రోజు పొద్దున్నే, గేటు తాళం తియ్యకుండానే కారు కడిగాను. తుడుద్దామని డిక్కీ తీస్తే ఆ చీర ముక్క ఉంది, తను మడిచిపెట్టినట్టే నాలుగు మడతల్లో. దాన్ని పట్టుకునేసరికి ఇక నా వల్ల కాలేదు. బానెట్ మీద పెట్టేసి, లోపలికెళ్ళి ఏడుస్తూ కూర్చున్నాను. గంట పైనే అయింది.

బయటికొచ్చేసరికి కారు మీద బాగా ఎండ పడుతోంది. తెల్లగా అయిపోయి ఉంటుందనుకున్నాను. బానెట్, డోర్లు, అద్దాలు, ఎక్కడా ఒక్క మచ్చ లేదు. చీర ముక్క పిండి గోడ మీద ఆరేసి ఉంది. గేటుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

అంతలో నాతవరం ఆయన వచ్చాడు. తాళం తీశాను. కారు చుట్టూ తిరిగి, మునివేళ్ళ మీద లేచి పైకి చూశాడు.

"ఏటండీ, కారంతా అద్దంలాగుంది గానీ, పైన మద్దెలో తుడవడం మర్సిపోనారా?"

చూశాను. చపాతీ పీటంత మేర, తెల్లగా. కారు అమ్మనని చెప్పి ఆయన్ని పంపించేశాను.

దుఃఖంలో మతి తప్పి నేనే తుడిచానేమో అని చాలాసార్లు ఆలోచించాను. కానీ నేను తుడిస్తే మధ్యలో మిగలదు కదా. ఆ ఒక్క రోజు ఎవరు తుడిచారో ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పుడు కారు కడిగిన ప్రతిసారీ టాపు మధ్యలో మాత్రం నేను ఒత్తి తుడుస్తాను. మిగతాదంతా తనకి వదిలేసి, చీర ముక్క బానెట్ మీద పెట్టి లోపలికి పోతాను. గంట తర్వాత వచ్చి చూస్తే మధ్యలో మెరుస్తూ ఉంటుంది. చుట్టూ అంతా తెల్ల మచ్చలే.