నాలుగు దినాల సింగపూరు

విమానం అందకపోవడం ఎవరికైనా జరిగేదే. అందని మనిషి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, "అందలేదు" అని చెప్పి, అన్నం తిని పడుకుంటాడు. నేను ఆ పని చేయలేదు. ఏం చేశానో ఇప్పుడు చెప్పబోతున్నాను. వింటూ మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. ప్రొద్దుటూరు బజారు మూడేళ్లుగా నవ్వుతూనే ఉంది. మా ఆవిడ వాణి మాత్రం ఇంతవరకు నవ్వలేదు.

ప్రొద్దుటూరులో మాకు బట్టల అంగడి ఉంది. అప్పుడు మా అమ్మాయి అమృతకు ఐదేళ్లు, బుజ్జిగాడికి మూడు. ఒకరోజు ఎవరో బంధువులు సింగపూరులో దిగిన ఫోటోలు చూసి నాకు పూనకం వచ్చింది. వాణిని అడగలేదు. టికెట్లు తీసేసి, మిఠాయి పొట్లంతో ఇంటికి వెళ్లాను.

"ఇప్పుడెందుకండీ?" అంది వాణి. "మాధవికి ఏడో నెల గదా. కాన్పు అయినాక పోదాం."

మాధవి వాణి చెల్లెలు. పులివెందులలో కాపురం. అంతకుముందు ఒకసారి ఐదో నెలలో బిడ్డ పోయింది. ఈసారి అందరూ ఊపిరి బిగబట్టి రోజులు లెక్కపెడుతున్నారు. వచ్చే నెలలో ఆమెను జమ్మలమడుగులోని పుట్టింటికి తీసుకురావాలని మా అత్త ఏర్పాట్లు చేస్తోంది.

"కాన్పుకు ఇంకా రెండు నెలలుండాది. మనం పోయేది ఆరు దినాలు. ఆరు దినాల్లో ఏమైతాది?" అన్నాను.

అలా అడగకూడదని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక ప్రణాళిక మొదలుపెట్టాను. రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాను. ఏడు గంటలకు పిల్లలు లేవడం, ఏడుంపావుకు పాలు, ఏడున్నరకు ఇద్దరూ ఒకేసారి బాత్రూముకు పోవడం. ఈ చివరిది ఇంట్లో ఏనాడూ జరగలేదు. సింగపూరులో గాలి మారితే జరుగుతుందని నా నమ్మకం. బుజ్జిగాడు అన్నం కక్కితే ఒక పేజీ, అమృత తప్పిపోతే ఒక పేజీ, ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే రెండు పేజీలు రాసుకున్నాను. శెనిక్కాయల పొడి, ఊరమిరపకాయలు, జ్వరం మందు, చిన్న రైసు కుక్కరు. ఒక దేశం ఇంకో దేశం మీదికి యుద్ధానికి పోయేటప్పుడు కూడా అంత సరంజామా కట్టదు.

మా ఎదురుగా పాత్రల అంగడి నాగయ్య మామ రోజూ అడిగేవాడు.

"ఎప్పుడప్పా ప్రయాణం?"

"శనివారం రాత్రి పన్నెండు ముప్పై అయిదుకు మామా."

"ఏజెంటుకు చెప్పినావా?"

"ఏజెంటెందుకు మామా? అంతా నేనే చూసుకుంటాండా."

అందరికీ చెప్పాను. అంగడికి వచ్చిన ప్రతి మనిషికీ, చీర చూపించకముందే చెప్పాను. శనివారం ఉదయం బయల్దేరేటప్పుడు నాగయ్య మామ నా మెడలో పూలదండ కూడా వేశాడు. బుజ్జిగాడు ఆ దండ పీకి రెండు బంతిపూలు తిన్నాడు. దానికి మాత్రం నోటుబుక్కులో పేజీ లేదు.

సొంత కారులో బెంగుళూరు చేరాం. సాయంత్రం ఆరుకల్లా విమానాశ్రయంలో ఉన్నాం. ద్వారం దగ్గర ఉద్యోగి నా కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. పక్కన ఉన్న అమ్మాయిని పిలిచాడు. ఆ అమ్మాయికి తెలుగు వచ్చు. రాకపోయినా బాగుండేది.

"సార్, మీ ఫ్లైట్ నిన్న రాత్రి వెళ్లిపోయింది."

"నిన్న ఎట్లా పోతాదమ్మా? శనివారం అని రాసుండాది చూడు."

"శనివారం పన్నెండు ముప్పై అయిదు సార్. అంటే శుక్రవారం రాత్రి పన్నెండు దాటాక. మీరు నిన్న ఈ టైముకు రావాల్సింది."

ఇక్కడ మీరు నా పక్షాన ఒక్క క్షణం నిలబడండి. మన ఇళ్లలో శనివారం రాత్రి అంటే ఏమిటి? శనివారం పొద్దున లేచి, శనివారం మధ్యాహ్నం తిని, ఆ తర్వాత వచ్చే రాత్రి. అంతే కదా? శుక్రవారం నాటి పప్పు ఇంకా గిన్నెలో ఉండగానే శనివారం ఎలా వస్తుంది? ఈ మాటే ఆ అమ్మాయిని అడిగాను. ఆమె చాలా మర్యాదగా, "పిల్లలకు నీళ్లు కావాలా సార్?" అంది.

వేరే టికెట్లు అడిగితే, సెలవుల రద్దీ, నాలుగు సీట్లు వారం దాకా లేవన్నారు. వాణి పెట్టె మీద కూర్చుంది. బుజ్జిగాడిని ఒళ్లో వేసుకుని, "సరేలే. రేపు ఇంటికి పోదాం," అంది.

ఇక్కడితో కథ అయిపోవాల్సింది. కానీ నాగయ్య మామ వేసిన దండ నా మెడలో లేకపోయినా దురద మాత్రం ఉంది. ఇంటికి పోతే బజారులో తల ఎట్లా ఎత్తుకోవాలి? ఆ రాత్రికి లాడ్జిలో గది తీసుకుని ఆలోచించాను. ఆలోచించడం నాకు పడదని అప్పటికే తెలిసి ఉండాల్సింది.

పొద్దున వాణితో చెప్పాను. "గండికోటకు పోదాం. ఆడ హోటల్లో శుక్రవారం దాకా ఉందాం. శనివారం సింగపూరు నుంచి వచ్చినట్లే ఇంటికి పోదాం."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. సరుకులో చిరుగు పట్టుకున్నాక, దాన్ని వెనక్కివ్వాలా ఎట్లాగో సర్దుకోవాలా అని చూసే చూపు అది.

"మనవాళ్లేగదండీ. చెప్పేస్తే ఏమైతాది?"

"నా పరువు పోతాది."

కదిరి దాటి పులివెందులలోకి వచ్చాం. ఆదివారం మధ్యాహ్నం. మాధవి ఇంటి సందు మలుపు కనబడగానే వాణి నా మోచేయి పట్టుకుంది.

"ఒక్క పది నిమిషాలు. మాధవిని చూసి వస్తా."

"ఆమె మీయమ్మకు చెప్తాది. మీయమ్మ జమ్మలమడుగంతా చెప్తాది. సాయంత్రానికి ప్రొద్దుటూరు తెలిసిపోతాది."

"దానికి చెప్పొద్దని చెప్తా."

"వద్దు వాణీ."

కారు ఆపలేదు. వాణి తల తిప్పి, ఆ సందు కనబడకుండా పోయేదాకా అటే చూసింది. ఆ పది నిమిషాలు ఇప్పటికీ నాకు అడ్డం తిరిగి కూర్చున్నాయి.

గండికోటలో ఆదివారం జనం. వాళ్లలో సగం ప్రొద్దుటూరు జనం. ముఖాలకు మాస్కులు కట్టుకుని గదిలోకి దూరాం. తర్వాత అమృతకు పాఠం చెప్పాను.

"ఎవరన్నా ఫోన్లో అడిగితే సింగపూరులో ఉండామని చెప్పాల."

"ఇది సింగపూరా నాన్నా?"

"కాదు."

"మరి అబద్ధం చెప్తే కళ్లు పోతాయని మా టీచర్ చెప్పిందే?"

"ఇది అబద్ధం కాదమ్మా, ఆట."

"ఎవురు గెలుస్తారు?"

బిస్కెట్టు ఇచ్చాను.

మరుసటి రోజు ఫోటో ఒకటి పంపకపోతే అనుమానం వస్తుందని, పిల్లలిద్దరినీ హోటలు వరండాలో పూలకుండీ పక్కన నిలబెట్టి తీశాను. లోయ పడకుండా, కోట పడకుండా, కోతులు పడకుండా జాగ్రత్తపడ్డాను. ఐదు నిమిషాల్లో నాగయ్య మామ నుంచి జవాబు.

"శానా బాగుండారు బిడ్డలు. ఏమప్పా, సింగపూరుకు కూడా మన కడప బండలే పోతాండాయా?"

చూస్తే కింద నేలంతా నల్లటి కడప బండలు. "ఎక్స్‌పోర్ట్ మామా," అని రాశాను. ఆయన దండం బొమ్మ పెట్టాడు. అది నమ్మిన దండమో, నమ్మని దండమో ఇప్పటికీ అడగలేదు.

ఇంకోసారి మా అత్తతో మాట్లాడుతుండగా కిటికీ కింద ఎవరో "జామకాయలో!" అని అరిచారు.

"ఏంది నాయనా, ఆడ కూడా జామకాయలు అమ్ముతాండారా?"

"ఈడంతా తెలుగోళ్లే అత్తా."

మా అత్త జమ్మలమడుగులో ఉంది. మేమున్న చోటికి పదిహేను కిలోమీటర్లు. ఆ అరుపు ఇంకొంచెం గట్టిగా ఉంటే ఫోను లేకుండానే వినబడేదేమో.

పగలు పిల్లలను బయటికి తీసుకుపోవడానికి భయం. వాళ్లు గది గోడలు పట్టుకుని ఏడ్చారు. వాణి వాళ్లకు అన్నం పెట్టేది, స్నానం చేయించేది, కిటికీ దగ్గర కూర్చునేది. రోజూ ఒకసారి చెల్లెలికి ఫోను చేసేది. "బాగుండావా?" "బాగుండా అక్కా. సింగపూరు ఎట్లుండాది?" "బాగుండాది." అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఒకరికొకరు అబద్ధం చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. మాధవికి అప్పటికే కాళ్లు వాచాయి, తల పగిలిపోతోంది. అక్క అంత దూరం పోయింది, ఎందుకు కంగారుపెట్టాలని చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం మాధవి ఫోను ఎత్తలేదు. వాణి మరిదికి చేసింది. మాధవి భర్త ప్రసాదు నెమ్మదైన మనిషి.

"ఏం లేదు వదినా. పండుకోనుండాది. మీరు బాగా తిరిగి రాండి."

వాణి ఫోను పెట్టేయలేదు. వెనక నుంచి ఎవరో "సంతకం పెట్టేవాళ్లు ఎవరమ్మా?" అని అడగడం నాకు కూడా వినబడింది.

"ప్రసాదూ. యాడుండావు నువ్వు?"

అటునుంచి అతను ఏడ్చాడు. పొద్దున్నే పులివెందుల ఆసుపత్రికి తెచ్చారట. బీపీ విపరీతంగా పెరిగిందట. వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలి, లేకుంటే ఇద్దరికీ కష్టం అన్నారట.

"నిన్నే అడుగుతాండాది వదినా. అక్క విదేశంలో ఉండాది, ఎట్లొస్తాదని చెప్పినా. ఇంగ అడగడం మానేసింది."

వాణి నన్ను తిట్టలేదు. తిడుతుందేమోనని నేను గోడకు ఆనుకుని సిద్ధంగా నిలబడ్డాను. ఆమె బుజ్జిగాడికి చొక్కా తొడిగింది, అమృత చెప్పులు వెతికింది.

"కారు తీయండి," అంది.

జమ్మలమడుగు దాటాక నేను నోరు విప్పాను. నన్ను మీరు క్షమించలేరు, అయినా నిజం చెబుతున్నాను. "ఇంత బిన్నా, ఇంత తొందరగా ఎట్లొచ్చినారంటే ఏం చెప్దాం? ముందే బయల్దేరి..."

"ఇంకొక్క మాట మాట్లాడితే కారు దిగి నడుస్తా," అంది వాణి, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

మేం ఆసుపత్రికి చేరేసరికి మాధవిని లోపలికి తీసుకుపోయి పది నిమిషాలైంది. పది నిమిషాలే. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. మా అత్త బెంచీ మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, మొదట ఎవరో అనుకుని, తర్వాత లేచి వచ్చింది.

"నాయనా! యాడి సింగపూరు, యాడి పులివెందుల! ఎట్లొచ్చినారు?"

"మనసు కీడు శంకించింది అత్తా. నిన్ననే బయల్దేరినాం," అన్నాను.

అవును. అక్కడ, ఆ దీపం కింద కూడా అన్నాను. నోరు అలవాటు పడిపోయింది. మా అత్త నా చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. "బంగారట్లాంటి అల్లుడివి నాయనా. దేవుడి మాదిరి వచ్చినావు," అని ఏడ్చింది. పక్కనున్నవాళ్లు నన్ను గౌరవంగా చూశారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆ ఆసుపత్రి నేల కూడా కడప బండలే, పగలవు.

"లేదమ్మా," అంది వాణి. "మేం విమానం ఎక్కనే లేదు. నాలుగు దినాల నుంచి గండికోటలో ఉండాం. ఆదివారం మాధవి ఇంటి ముందు నుంచే పోయినాం. దిగలేదు."

మా అత్త నా చెంపల మీద నుంచి చేతులు తీసేసింది. కోపంగా కాదు. వేడి గిన్నె అని తెలియక పట్టుకున్నవాళ్లు తీసేసినట్లు తీసేసింది. "గండికోటలోనా," అంది. అంతే. వెనక్కి పోయి బెంచీ మీద కూర్చుంది. అమృత పోయి ఆమె పక్కన కూర్చుని, "ఆట అయిపాయె అవ్వా. నాన్న ఓడిపోయినాడు," అని వివరంగా చెప్పింది.

సాయంత్రానికి ఆడబిడ్డ పుట్టిందన్నారు. కిలోన్నర కూడా లేదు. మాధవికి రెండు రోజులు తెలివి సరిగా లేదు. తెలివి వచ్చాక వాణి చేయి పట్టుకుని, "వచ్చినావా అక్కా," అంది. ఆదివారం సంగతి వాణే చెప్పింది. ఆ రోజు ఇంట్లో మాధవి ఒక్కతే ఉందట, వాచిన కాళ్లు దిండు మీద పెట్టుకుని. ఆ పాదాలు చూసుంటే తాను అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోయేదాన్నని వాణి అంది. మాధవి నన్ను తిట్టివుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

బిడ్డ గాజుపెట్టెలో ఇరవై రోజులు ఉంది. మొదటి వారం ప్రతి పూటా అందరం డాక్టరు ముఖం చూసేవాళ్లం, పంచాంగం చూసినట్లు. తర్వాత అది పాలు తాగింది, బరువు పెరిగింది. ఇప్పుడు దానికి మూడేళ్లు. మా అంగడికి వచ్చినప్పుడల్లా చీరల మడతలన్నీ విప్పేస్తుంది. నేను ఒక్క మాట అనను. ఆ హక్కు నాకు లేదు.

డాక్టరు ఇక భయం లేదని చెప్పిన రోజు, నేను ఆ గాజుపెట్టె ముందు నిలబడి ప్రమాణం చేశాను. బిడ్డ తల మీద చెయ్యి పెట్టే వీలు లేదు కాబట్టి గాజు మీద పెట్టాను. "నేను, ప్రొద్దుటూరు బట్టల వ్యాపారిని, ఇకమీదట ఏ దేశానికి పోయినా పోకపోయినా, ఎక్కడున్నానో అక్కడే ఉన్నానని చెబుతానని, పరువు కోసం పొరుగూరులో దాక్కోనని, నా ఆలుబిడ్డల సాక్షిగా..."

"చెయ్యి తీయండి సార్, గాజు మీద మరకలు పడతాండాయి," అంది నర్సు.

మిగతా సగం ప్రమాణం వరండాలో వాణి ముందు పూర్తి చేశాను. ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వింది. ఇరవై రోజులుగా నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. అంతా విన్నాక కళ్లు తెరిచి, ఖాళీ ఫ్లాస్కు నా చేతిలో పెట్టింది.

"కాఫీ తెండి," అంది. "యాడికి పోతాండారో చెప్పి పోండి."

"కింద క్యాంటీనుకు," అన్నాను.

నేను మెట్లు దిగుతుంటే, ఆమె వరండా కిటికీలోంచి తొంగి చూసి, నిజంగా క్యాంటీనుకే పోతున్నానో లేదో చూసుకుంది.