మూఢానికి ముందు రోజు

నందిగామలో పుష్పవతికి ఇల్లివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. పురుళ్ళు పోసే నర్సమ్మంటే ఊళ్ళో గౌరవమే. కాకపోతే ఆ గౌరవం అరుగు దగ్గర ఆగిపోయేది. ఒంటరి ఆడది, ఏ వేళప్పుడు ఎవరి బండి వచ్చి పిలుస్తుందో తెలియదు, తిరిగొచ్చేటప్పుడు పురిటి మైల వెంటేసుకొస్తుంది.

ఆమెది వీరులపాడు. మొగుడు మిలట్రీలో చేరతానని వెళ్ళి మళ్ళీ రాలేదు. పోయాడన్న కబురూ లేదు. బొట్టు ఉంచాలా తీసెయ్యాలా అని పెద్దవాళ్ళు వాదించుకుంటూ ఉండగానే ఆమె నర్సు ట్రైనింగుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత జగ్గయ్యపేటలో ఎన్నో ఏళ్ళు పురుళ్ళు పోసింది. పంతొమ్మిది వందల అరవై రెండులో నందిగామకి బదిలీ అయింది.

తిరగ్గా తిరగ్గా పున్నమ్మ గారనే ఆవిడ తన ఇంట్లో వెనక వాటా ఇస్తానన్నారు, రెండు షరతుల మీద. మూఢం రాకముందే వచ్చి పాలు పొంగించాలి, అదీ సొంత గిన్నెలో. ఎరువు తెచ్చుకున్న గిన్నెలో పొంగిస్తే ఆ ఇంట్లో బతుకంతా ఎరువే అని ఆవిడ నమ్మకం. రెండో షరతు, పురుళ్ళ సంచి గుమ్మం దాటకూడదు. అరుగు మీదే ఉండాలి.

"ఎల్లుండి నుంచి మూఢం. రేపు కూడా పదకొండు దాటితే నీ పేరుకి ముహూర్తం లేదమ్మాయ్. ఈ వాటా అడుగుతున్న తాలూకాఫీసు గుమాస్తాకి మధ్యాహ్నం ఉంది ముహూర్తం. అతను గుమ్మంలో నిలబడే ఉన్నాడనుకో" అన్నారు పున్నమ్మ గారు.

జగ్గయ్యపేట బస్టాండు పక్కన చిన్నబాబు అనే అతను లారీ పెట్టి ఇళ్ళ సామాన్లు చేరవేసేవాడు. ఎక్కడ ఆలస్యం చేస్తాడోనన్న భయంతో పుష్పవతి అతనికి అన్నీ చెప్పేసింది. ముహూర్తం, సొంత గిన్నె, గుమాస్తా, అన్నీ. చిన్నబాబు శ్రద్ధగా విన్నాడు. తర్వాత తలుచుకుంటే, అంత శ్రద్ధగా విన్నప్పుడే అనుమానించాల్సింది.

లారీ పొద్దున్నే బయల్దేరింది. చిల్లకల్లు దాటాక రోడ్డు వారగా ఆగింది.

"ఇంజను వేడెక్కిందా?" అంది పుష్పవతి.

"ఇంజనుకేం, చల్లగా ఉందండి. రేటే వేడెక్కింది. మూఢం ముందు రోజు కదా, ఊరంతా ఇళ్ళు మారుతోంది. ఒప్పుకున్నదాని మీద ఇంకో సగం ఇప్పించండి."

డ్రైవరు బాబ్‌జాన్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని రోడ్డు వంకే చూస్తున్నాడు. ఆమె వాదించలేదు. వాదిస్తే పొద్దెక్కుతుంది. ఇచ్చేసింది.

నందిగామలో లారీ పున్నమ్మ గారి ఇంటి దాకా రాలేదు. వీధి మొదట్లోనే ఆగింది. చిన్నబాబు దిగి, బీడీ వెలిగించుకుని, చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు.

"సందు ఇరుకుగా ఉందండి. లోపలికి రావాలంటే ఇంకో పాతిక అవుతుంది."

"చిల్లకల్లులో ఇచ్చాగా."

"అది చిల్లకల్లు లెక్కండి."

"నా దగ్గర అద్దె డబ్బులు తప్ప ఇంకేం లేవు చిన్నబాబూ."

"ఉన్నాయన్నమాట" అన్నాడతను నెమ్మదిగా.

పాతిక ఇవ్వకపోతే సామాను రాదు. ఇస్తే అద్దెకి డబ్బుండదు. పైన టార్పాలిను, దాని మీద తాళ్ళు, ఆ అడుగున ఎక్కడో పాలగిన్నె.

"ఆ గిన్నె ఒక్కటీ తీసుకోనివ్వు."

"తాడు విప్పితే అంతా విప్పినట్టేనండి. బలవంతమేం లేదు. మీకు తొందర లేకపోతే నాకూ లేదు."

పదిన్నర దాటింది. పుష్పవతి దారిలో ఎరువు చెంబులో పోయించుకున్న పాలు ఒక చేత్తో, ఎప్పుడూ తన ఒళ్ళోనే ఉండే పురుళ్ళ సంచి రెండో చేత్తో పట్టుకుని ఇంటి వైపు నడిచింది.

పున్నమ్మ గారు గుమ్మంలోనే ఉన్నారు. "సామానేది?"

జరిగింది చెప్పింది. చెబుతూనే అరుగు మీద కూర్చుని సంచి విప్పింది. అందులోంచి చిన్న స్పిరిట్ స్టవ్వు, కత్తెరా దారమూ మరగబెట్టే ఇత్తడి గిన్నె తీసి ముందు పెట్టింది.

"ఇది నా సొంతమేనండి. నా మొదటి జీతంతో కొన్నా."

పున్నమ్మ గారు ఆ గిన్నె వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. గుమ్మం దాటకూడదన్న సంచి, అందులోంచి వచ్చిన గిన్నె, దాంట్లో గృహప్రవేశం పాలు. లోపల గడియారం టిక్కుటిక్కుమంటోంది. పుష్పవతి తలెత్తలేదు. బతిమాలితే కాదంటారేమోనని బతిమాలలేదు కూడా.

"ఆఖర్న దేనికి మరగబెట్టావు ఇందులో?" అన్నారు పున్నమ్మ గారు.

"మొన్న వత్సవాయిలోనండి. కవలలు."

"బతికారా?"

"ఇద్దరూ బతికారండి. తల్లి కూడా బావుంది."

పున్నమ్మ గారు లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వేసుకుంటారనుకుంది పుష్పవతి. తిరిగొచ్చిన ఆవిడ చేతిలో చింతపండు ముద్ద ఉంది.

"కూర్చున్నావేం? నూతి దగ్గర తోముకురా. అంచు కింద మసి ఉంది చూడు. పురుళ్ళు పోసే చేతికి గిన్నె తోమడం రాదా?"

తోమిన గిన్నెకి పసుపు రాసి బొట్టు పెట్టారు. వాటాలో తూర్పు గోడ వైపు స్టవ్వు పెట్టారు. స్పిరిట్ మంట నీలంగా, సన్నగా ఉంది. పాలు కదలవేం అని ఇద్దరూ వంగి చూశారు. గడియారంలో పెద్ద ముల్లు నిలువు కావస్తుండగా అంచున ఒక బుడగ లేచింది. తర్వాత ఒక్కసారిగా పొంగి మంట మీద పడి చుయ్యిమంది. గదంతా మాడిన పాల వాసనా, ఆసుపత్రి వాసనా.

పుష్పవతి వీధి మొదటికి నడిచి వెళ్ళింది.

"పదకొండు కావస్తోందండి" అన్నాడు చిన్నబాబు.

"పొంగాయి చిన్నబాబూ."

"గిన్నె నా లారీలో ఉందిగా."

"ఉండనీ. నాకిక తొందర లేదు. నీడలో సాయంత్రం దాకా కూర్చుంటా. నువ్వే ఇవాళ ఊరంతా ఇళ్ళు మారుతోందన్నావు."

చిన్నబాబు నోట్లో బీడీ ఆరిపోయింది. అతను ఏదో అనేలోపే బాబ్‌జాన్ లారీ ఎక్కి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. "పేటలో ఇంకో ఇల్లు ఎదురుచూస్తోంది సేటూ, దింపేద్దాం" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. చిల్లకల్లులో పుచ్చుకున్నది మాత్రం చిన్నబాబు తిరిగివ్వలేదు. ఆమె అడగలేదు కూడా.

సామాను సర్దుకునేసరికి దీపాల వేళైంది. సంచిని మాట ప్రకారం అరుగు మీద పెట్టి లోపలికి వస్తుంటే పున్నమ్మ గారు వెనక నుంచి పిలిచారు.

"దాన్నక్కడెందుకు పెట్టావే? చిన్నబాబు లాంటివాడెవడన్నా ఎత్తుకుపోతాడు. లోపల పెట్టుకో."